మిస్త్రీకిచ్చిన కాటుక

పోయిన నెల జొన్నలు పట్టించడానికి పిండి గిర్నికి పోయాను. గిర్ని ఆగిపోయి ఉంది. దాన్ని బాగుచేసే మిస్త్రీ కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఇరుసు కింద ఉండే ఒక ఇత్తడి ముక్కకు వేలితో నీలిరంగు పూస్తున్నాడు. దాన్ని ఇరుసు మీద ఆనించి ఒకసారి అటూ ఇటూ తిప్పి తీశాడు. రంగు రాసుకుపోయిన చోటల్లా చిన్న ఉలిలాంటి దానితో మెల్లగా గీకాడు. మళ్లీ రంగు, మళ్లీ గీకుడు. వరుసలో ఉన్నవాళ్లు ఇంకా ఎంతసేపని విసుక్కుంటున్నారు. నేను గంప దించుకుని అతని పక్కనే కూర్చున్నాను. ఆ పని చూసి నలభై ఏళ్ల పైమాటే. అప్పుడు పూసింది నీలిరంగు కాదు, కాటుక. ఆ కాటుక చేసి ఇచ్చింది నేను.

నాకు అక్షరాలు వచ్చి మూడేళ్లే అయింది. రాయడం వచ్చిన కొత్తలో ఆనాడు ఆ కాటుక పూసిన మనిషి గురించే రాద్దామనుకున్నాను. రాస్తే నేను చేసింది కూడా రాయాల్సి వస్తుందని ఆగిపోయాను.

అవి జర్మనీ యుద్ధం రోజులు. మా అత్తగారిల్లు గద్వాలలో. నాకు పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి, చంకలో ఆరునెలల ఆడబిడ్డ. ఇంటి ముందువైపు, పశువుల కొట్టానికి ఆనుకుని ఒక అర్ర ఖాళీగా ఉండేది. ఆ అర్రలోకి ఆయన వచ్చాడు. రైలు కార్ఖానాలో ఫిట్టరుగా చేసి మానుకున్నాడని చెప్పారు. యాభై దాటిన మనిషి, ఒంటరివాడు. పేరు మా అత్తకు చెప్పే ఉంటాడు. కోడళ్లు అటువంటివి అడిగే కాలం కాదు. వాడకట్టంతా మిస్త్రీ అన్నారు, నేనూ మనసులో అదే అనుకున్నాను.

వచ్చిననాడు ఎడ్లబండి మీద ఆయన సామాను చూసి పదిమంది గుమిగూడారు. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, ఒక కుండ, ఒక కుట్టుమిషను కాళ్లు. మిషను లేదు, తొక్కే కాళ్లు మాత్రమే ఉన్నాయి. కుట్టేది లేకుండా తొక్కేదెందుకని మా అత్త అడిగితే, "తిప్పెతందుకు అక్కా" అన్నాడు. ఏం తిప్పడానికో చెప్పలేదు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. అనుమానం ఆ తలుపు దగ్గరే మొదలైంది.

మర్నాటి నుంచి గోడ అవతల కాళ్లు తొక్కుతున్న చప్పుడు, దాని మీద సన్నగా ఒక కీచు. ఆ కాళ్లకు ఆయన తరిమెన బిగించుకున్నాడని, దాని మీద ఇత్తడినీ ఇనుమునూ తిప్పుతూ చెక్కుతున్నాడని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పుడు మాకు వినిపించింది కీచు ఒక్కటే. పిలిస్తే పలికేవాడు కాదు. కార్ఖానా మోతలో ఎడమ చెవి పోయిందట. ఆ సంగతి తెలియక, వినీ విననట్టు ఉంటాడని అనుకునేవాళ్లం. గట్టిగా పిలిస్తే కుడి చెవి ఇటు తిప్పి తలుపు సందులోంచి ఒక కన్ను మూసి చూసేవాడు. మనిషిని చూసినా, గిన్నెను చూసినా, మా దర్వాజ కమ్మీని చూసినా ఆయన చూపు అదే. ఎక్కడ వంకరుందో వెతికే చూపు.

ఆయన చిటికెన వేలికి ఒక గోరు పొడుగ్గా ఉండేది. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు ఆ గోటితో దాని మీద ఒక గీత గీసినట్టు జరిపి చూసేవాడు. మజ్జిగ గ్లాసు ఇస్తే గ్లాసు అంచు మీద, కూర గిన్నె ఇస్తే గిన్నె అడుగున. "కంటికి గనవడంది గోటికి తగుల్తది" అని తనలో తాను అనుకునేవాడు. మా అత్తకు అది అస్సలు గిట్టేది కాదు. తిండి పెడితే గిన్నె పరీక్ష చేస్తడేందని నా దగ్గర గొణిగేది. ఆయన పని ఎంతవరకు వచ్చిందని ఎవరడిగినా ఒకటే మాట, "ఇంక ఉల్లిపొరంత ఉన్నది." ఆరునెలలు అదే మాట. తొడుగుకూ దానిలో తిరిగే దానికీ మధ్య ఉల్లిపొరంత తేడా ఉన్నా ఆయనకు నిద్రపట్టదని అప్పుడు మాకేం తెలుసు. ఆ ఉల్లిపొర వెనక ఏదో దాస్తున్నాడనుకున్నాం.

మా ఇంటాయన అనుమానం వేరు, మా అత్త అనుమానం వేరు. పాత ఇత్తడి చెంబులు, చిల్లుపడ్డ సర్వలు ఏరికోరి కొంటున్నాడంటే ఆ మనిషి బాంబులే చేస్తున్నాడని మా ఇంటాయన. యుద్ధం రోజులు కాబట్టి మగవాళ్లకు ఆ ఆలోచనే వచ్చేది. మా అత్త దానికి ఒప్పుకునేది కాదు. ఆమె చూసిన గుర్తులు ఆమెకున్నాయి. ఆయన గుమ్మం పక్కన తరచూ కోసి పిండిన నిమ్మచెక్కలు కనిపించేవి. ఒకరోజు ఆంజనేయుని గుడి ముందటి అంగడి నుంచి సిందూరం పొట్లం తెచ్చాడు. ఇంటి ముందటి సాయబాను నీడలో నిలబడే విప్పాడు, రెండు వేళ్ల మధ్య రుద్దాడు, మొహం చిట్లించి ఆ పొట్లాన్ని అట్లాగే తీసుకుపోయి పెంటకుప్ప మీద పోశాడు. సిందూరాన్ని పెంట మీద పోసేవాడు దేవుని మనిషి కాదనీ, నిమ్మకాయా సిందూరమూ ఒక్కచోట ఉంటే అది చేతబడే అనీ మా అత్త తేల్చేసింది.

మరి వెళ్లగొట్టలేదెందుకంటే చేదబావి గిరక. మా బావి గిరక రెండేళ్లుగా ఊరంతా వినపడేట్టు అరిచేది. వచ్చిన వారంలోనే ఒక పొద్దున ఆయన అడగకుండా దాన్ని దించి, ఇరుసు చెక్కి, కొత్త తొడుగు వేసి ఎక్కించాడు. ఆ తర్వాత గిరక తిరుగుతున్నదీ లేనిదీ తాడు చూస్తే తప్ప తెలిసేది కాదు. మా అత్త ఎన్ని తిట్లు తిట్టినా నీళ్లు చేదేటప్పుడు మాత్రం నోరు మూసుకునేది.

ఒక మధ్యాహ్నం బిడ్డను సాయబానులో బొంత మీద పడుకోబెట్టి నేను బియ్యం చెరుగుతున్నాను. మా అత్త పొలానికి పోయింది. ఆయన బావి నుంచి వస్తూ బిడ్డ దగ్గర ఆగాడు. ఒక కన్ను మూసి చూశాడు. వంగి, బిడ్డ చెంప మీది దిష్టిచుక్కను చూపుడు వేలితో తీసుకున్నాడు. రెండు వేళ్ల మధ్య రుద్దాడు. గోటి మీద పూసి వెలుతురుకు పట్టి చూశాడు. నా చేతిలో చేట ఆగిపోయింది. పరాయి మగవాడు బిడ్డ చెంప మీది చుక్కను తుడిచి వేలితో తీసుకుపోవడం నేను చూడలేదు, వినలేదు.

"గీ కాటుక ఎవరు జేసిండ్రు బిడ్డా?"

నేనేనని తల ఎత్తకుండా చెప్పాను.

"నలుసు లేదు దీంట్ల. నాకు జరంత కావాలె."

దేనికని నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. కార్ఖానాలో సిందూరం నూనెలో కలిపి వాడేవాళ్లమనీ, ఇక్కడి అంగట్లో సిందూరంలో ఇటుకపొడి కలుపుతున్నారనీ, దీపం మసి వాడితే జిడ్డుగా ముద్దకడుతున్నదనీ. ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైందల్లా ఒక మగవాడు నన్ను కాటుక అడుగుతున్నాడని.

ఇవ్వనంటే ఏం చేస్తాడోనన్న భయం ఒకటి. ఇంకొకటి కూడా ఉంది, దాచడమెందుకు. నేను కాటుక చేసే పద్ధతి మా అమ్మ నేర్పింది. గుంటగలగరాకు రసంలో తడిపి ఆరబెట్టిన బట్టతో వత్తి చేసి, ఆముదం దీపం మీద రాగిపళ్లెం బోర్లించి, పట్టిన మసిని పాత ధోవతి గుడ్డలో పోసి దులిపి, ఆ కిందికి రాలిందే వెన్నతో నూరాలి. అంత పని ఎందుకు, పైన గీకినదే చాలదా అని మా అత్త ఎప్పుడూ అనేది. ఆ ఇంట్లో నేను చేసిన దాంట్లో నలుసు లేదని చెప్పినవాడు ఆయనొక్కడే. ఎంత అనుమానమున్నా ఆ మాట చెవిలో ఉండిపోయింది.

కొట్టానికీ ఆ అర్రకూ మధ్య గోడలో ఒక దీపం గూడు ఉండేది. ఒక దీపం రెండువైపులా వెలుగిచ్చేట్టు అటూ ఇటూ తెరిచి కట్టింది. మా అమ్మ పెళ్లిలో ఇచ్చిన చిన్న ఇత్తడి కాటుక బరిణెలో కాటుక పెట్టి, పొద్దున పేడ ఎత్తేటప్పుడు ఆ గూట్లో ఉంచేదాన్ని. సాయంత్రానికి ఖాళీ బరిణె ఉండేది. మా అత్తకు చెప్పలేదు. మా వాడకట్టులో ఒకామె బావి దగ్గర ఎవరితోనో నవ్విందని పుట్టింటికి పంపారు, మళ్లీ పిలవలేదు. నాది నవ్వు కాదు, కాటుక. తెలిస్తే నేను చంకలో బిడ్డతో మా పుట్టింటికి రాజోలి బండి ఎక్కాల్సిందే. ఆ సంగతి ఆయనకూ తెలుసేమో, బరిణె గురించి ఎన్నడూ నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే తల దించుకుని పోయేవాడు.

మొదటి రెండుసార్లు గూటి అవతల ఆయన కాటుకను వేళ్ల మధ్య రుద్ది చూడటం నాకు కనిపించింది. మూడోసారి నుంచి చూడటం మానేశాడు. ఇత్తడిని నమ్మడు, ఇనుమును నమ్మడు, పొద్దున తాను చెక్కిన దాన్నే సాయంత్రం మళ్లీ గోటితో తడిమేవాడు. నా కాటుకను మాత్రం తీసుకుని పూసుకునేవాడు.

ఒకరోజు నేను పేడగంప ఎత్తుకుని పోతుంటే తలుపు బార్లా తీసి ఉంది. ఆయన పిలిచాడు. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. లోపల బల్ల మీద మూరెడున్నర పొడుగు రైలింజను. అటువంటిది చేస్తున్నాడని మాలో ఎవరికీ తోచలేదు. చక్రాలు ఆరు, పొగగొట్టం, రాగి పీపా. ఆ పీపా ఒకప్పుడు నీళ్ల బిందె అట. రాగిని అతికే ముందు పులుపుతో కడగాలి కాబట్టి నిమ్మకాయలు. ఆ సంగతి చింతపండుతో రాగిబిందెలు తోమే మాకు తట్టకపోవడం ఇప్పుడు తలుచుకుంటే విడ్డూరంగా ఉంటుంది.

ఆయన బొటనవేలంత ఇత్తడి ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. పీపాలోంచి వచ్చిన ఆవిరిని ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు పంపే మూత అది. వాల్వు అన్నాడు. దాని అడుగున నా కాటుక పలచగా పూసి, అది జారే పలక మీద ఆనించి తీశాడు. పలక మీద అక్కడక్కడ నల్ల చుక్కలు పడ్డాయి.

"నలుపు అంటిన కాడ మిట్ట ఉన్నట్టు. గంతే గీకాలె. మల్ల పూయాలె. పలకంత ఒక్కతీరు నల్లగయితే ఆవిరి యాడికెళ్లి బోదు."

తర్వాత ఒక గొట్టానికి నోరు పెట్టి బుగ్గలు నిండా ఊదాడు. చక్రాలు కదిలాయి. గాలిలో ఎత్తిపెట్టిన ఆరు చక్రాలూ చప్పుడు లేకుండా, మా గిరక తిరిగినట్టే తిరిగాయి. ఆయన ఊదడం ఆపినా కాసేపు తిరిగాయి. నేను గంప నెత్తిన పెట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

అప్పుడు ఆయన నాతో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడాడు. కార్ఖానాలో ఇరవై ఏండ్లు ఈ ఒక్క ముక్కే చేశాడట. పెద్ద ఇంజన్లవి, రెండు చేతులతో ఎత్తేంతవి. ఒకరిది చక్రం, ఒకరిది పీపా, ఈయనది వాల్వు. "ఇంజను నాది అననీకె ఒక్కటన్న లేకపాయె బిడ్డా. గందుకే ఇది," అన్నాడు.

ఆ రోజు నాకు అనుమానం పోయిందని రాయాలని ఉంది. పోలేదు. చూసినంతసేపు లేదు. గంప పెంటలో పోసి వచ్చేలోపల మళ్లీ వచ్చింది. ముసలితనంలో ఒక మనిషి బిందెలు కొట్టి ఆడుకునే రైలు చేసుకుంటాడా, ఇది చూపించి దీని వెనక ఇంకేదో చేస్తున్నాడా అని.

ఇంజనుకు సిలిండర్లు, అంటే ఆవిరి చొరబడే గొట్టాలు, పోతపోసి ఇచ్చింది ఊళ్లో ఇత్తడి పని చేసే కంచరాయన. ఆయన కల్లు దుకాణంలో, మా మిస్త్రీ తనతో తుపాకి గొట్టాలు పోయించుకున్నాడని అన్నాడట. నాలుగు రోజుల్లో అది అమీన్ సాబ్ చెవిన పడింది. ఆ రోజుల్లో పోలీసు అధికారిని అమీన్ అనేవాళ్లు. ఇద్దరు జవాన్లతో వచ్చి అర్రంతా వెతికాడు. ఇంజనును బయటికి తెప్పించి చుట్టూ తిరిగి చూశాడు. పీపాను వేలితో కొట్టి చూశాడు. మిస్త్రీ అది రైలని చెప్పాడు.

"రైలయితే నడ్వాలె," అన్నాడు అమీన్. "సోమవారం వస్త. నడిస్తె రైలు. నడ్వకపోతె అది ఏందో నేను జెప్త."

నడవకపోతే ఇంజను ఠాణాకు పోతుంది, మనిషి ఊరు విడిచిపెట్టాలి. వాకిట్లో అందరి ముందూ చెప్పి పోయాడు. ఇంకా ఎంత పని ఉందని మా ఇంటాయన అడిగితే, మిస్త్రీ ఆనాడు కూడా ఉల్లిపొరంతే అన్నాడు. ఊదితే తిరగడం వేరట, ఆవిరికి ఆగడం వేరట. వాల్వును ఇంకొక్కసారి పలకకు కూర్చాలి. మర్నాడు పొద్దున గూట్లో నా బరిణె ఖాళీగా, మూత తీసి ఉంది. అట్లా మూత తీసి పెడితే మళ్లీ కావాలని గుర్తు.

ఆ రాత్రే బిడ్డకు జ్వరం వచ్చింది. శుక్రవారం తగ్గలేదు. పాలు తాగలేదు. మా అత్త నా ముందర ఏమీ అనలేదు కానీ అర్ర తలుపు వైపు చూసి మెటికలు విరిచింది. నా మనసులో మాత్రం ఒకటే తిరిగింది: ఈ బిడ్డ చెంప మీది చుక్కనే ఆయన వేలితో తీసుకుపోయింది. ఆ కాటుకే వారం వారం నా చేతులతో ఇచ్చాను. ఇప్పుడు పోలీసులే ఆయనను నమ్మడం లేదు.

శనివారం మా పెద్దమ్మ రాజోలి నుంచి వచ్చింది. అంతకుముందు సోమశిలకు పోయి స్వామిని చూసుకుని, విభూతి పొట్లం కట్టించుకొచ్చింది. నేను ఉండబట్టలేక కొట్టంలోకి పిలిచి ఆమెకొక్కదానికే చెప్పాను. కాటుక మాట వినగానే ఆమె రెండు చేతులతో బుగ్గలు పట్టుకుంది. తర్వాత కొంగు ముడి విప్పింది.

"ఇచ్చుడు ఆపితె పగవడతడు. గా కాటుకల్నే ఈ విభూతి గలిపి ఇయ్యి. వాడు ఏం జేసిన వాని మీదికే తిరుగుతది. ఎవ్వలకు జెప్పకు."

నేను మెత్తగా నూరాను. బిడ్డ నుదుట పెట్టగా మిగిలిందంతా కాటుకలో కలిపాను. నలుపు కాస్త వెలిసినట్టయితే ఇంకొంచెం మసి వేశాను. రోజూ పొద్దున బూడిదతో ఇత్తడి తోమే దాన్ని నేను. బూడిద ఇత్తడిని ఎట్లా గీకుతుందో నా అరచేతులకు తెలుసు. విభూతి అనేసరికి అది కూడా బూడిదేనన్న సంగతి నా బుర్రలోకి రాలేదు. బరిణె గూట్లో పెట్టాను. ఆయన తీసుకున్నాడు. రుద్ది చూడలేదు.

ఆదివారానికి బిడ్డ జ్వరం దిగింది. పాలు తాగింది. నేను చేసింది సరైనదేనని ఆ రోజంతా అనుకున్నాను.

సోమవారం మా వాకిట్లో రెండు ఇనుప పట్టీలు, కింద తుమ్మచెక్కలు పరిచి పన్నెండు మూరల పట్టాలు వేశాడు. ఆ పొద్దున ఆయన ఉతికిన ధోవతి కట్టుకున్నాడు, గడ్డం గీయించుకున్నాడు. వాడకట్టు మొత్తం వచ్చింది. అమీన్ సాబ్‌కు నులకమంచం వేశారు. ఆడవాళ్లం దర్వాజ వెనక ఉన్నాం. పీపాలో నీళ్లు పోసి, పొయ్యిలో బొగ్గులు రాజేసి, విసనకర్రతో విసురుతూ ఆయన ఎవరి వంకా చూడలేదు. కాసేపటికి సన్నగా బుస మొదలైంది. చిన్న పిడి ఒకటి ముందుకు తోశాడు.

ఇంజను కదిలింది. జానెడు పోయింది. ఇంకొక జానెడు. తర్వాత పొగగొట్టంలోంచి ఆవిరి ఆగకుండా కారడం మొదలుపెట్టి, చక్రాలు వణికి నిలిచిపోయాయి. వేలితో తోస్తే కొద్దిగా పోయింది, మళ్లీ నిలిచింది. బొగ్గులు వేశాడు. బుస ఎక్కువైంది కానీ చక్రాలు తిరగలేదు. వెనకెవరో నవ్వారు. "ఎద్దును గట్టుర్రి" అన్నాడొకడు.

ఆయన నిప్పు దింపి, ఆవిరి వదిలి, గుడ్డ చుట్టుకుని మర విప్పాడు. వాల్వును బయటికి తీశాడు. తిరగేసి దాని నునుపు ముఖం మీద చిటికెన వేలి గోరు జరిపాడు. గోరు సగంలో ఆగింది. మళ్లీ జరిపాడు, మళ్లీ అక్కడే ఆగింది. నడుముకు చెక్కుకున్న పేలికలో మిగిలిన కాటుక ఉంది. దాన్ని వేళ్ల మధ్య రుద్దాడు. ఎండలో పెట్టి చూశాడు. నేనున్న చోటికి ఆ వేళ్లు కనిపిస్తున్నాయి. వాటి మీద సన్నని తెల్లపొడి.

ఇప్పుడు ఈయన నోరు తెరుస్తాడు, కాటుక ఎవరిదో చెప్తాడు, నా పక్కనే నిలబడ్డ మా అత్త నా వంక తిరుగుతుంది. బిడ్డను ఎత్తుకుని గట్టిగా పట్టుకున్నాను.

అమీన్ సాబ్ మంచం మీద నుంచి లేచి దగ్గరికి వచ్చాడు. ఇంజను జానెడన్నా కదలడం చూశాక ఆయన గొంతులో మునుపటి కరుకు లేదు.

"ఏమైంది మిస్త్రీ? ఏం గావాల్నో జెప్పు, తెప్పిస్త. గంటసేపు కూసుంట."

మిస్త్రీ ఆ వేళ్లను ఉతికిన ధోవతికే తుడుచుకున్నాడు. దర్వాజ వైపు చూడలేదు. అది నాకు బాగా గుర్తు. ఎటు చూసినా ఒక కన్ను మూసి చూసే మనిషి ఆ రోజు రెండు కళ్లూ తెరిచి నేలను చూశాడు.

"ఏమొద్దు సాబ్. నా చేతిల్నే తప్పున్నది. ఇది నడ్వదు."

అమీన్ జవాన్లకు సైగ చేశాడు. ఇంజనును గోనెసంచిలో చుట్టి ఠాణాకు తీసుకుపోయారు. మూడు రోజుల్లో ఊరు ఖాళీ చేయమన్నారు. తాను ముందే చెప్పలేదా అని మా అత్త ఆ సాయంత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నేనూ తల ఊపాను.

ఆయన మూడోరోజు దాకా ఆగలేదు, మర్నాడే బండి పిలిపించాడు. అదే ట్రంకు పెట్టె, అదే చాప, అవే కుట్టుమిషను కాళ్లు. పోయేముందు బావి దగ్గరికి పోయి గిరక ఇరుసులో రెండు చుక్కలు ఆముదం వేసి, తాడు ఒకసారి లాగి చూసుకున్నాడు. మా అత్తతో, "పోయొస్త అక్కా" అన్నాడు. రావద్దన్నట్టుగా ఆమె మొహం తిప్పుకుంది. ఆయన ఎటు పోయాడో, ఎప్పుడు కాలం చేశాడో మాకెవరికీ తెలియదు. ఠాణాలో ఇంజను ఏమైందో కూడా తెలియదు.

ఆ సాయంత్రం కొట్టంలో దీపం పెట్టడానికి పోతే గూట్లో నా బరిణె ఉంది. కడిగి, తుడిచి, మూత పెట్టి ఉంది. తీస్తే లోపల ఆ వాల్వు. ఇంజను సంచిలో చుట్టేటప్పుడు అది ఆయన గుప్పిట్లోనే ఉండిపోయి ఉంటుంది. ఒక ముఖం అద్దంలా మెరుస్తుంది, ఆ అద్దం మీద నాలుగు సన్నని గీతలు.

అంటే ఆయనకు తెలుసు. అది నన్ను దెప్పడానికే పెట్టిపోయాడనుకున్నాను. నువ్వు చేసింది చూసుకో అన్నట్టు. ఒక్కోసారి కోపం కూడా వచ్చేది, చెప్పదలుచుకుంటే ముఖాన చెప్పక ఇదేందని. పారేద్దామని రెండుసార్లు బావి దాకా తీసుకుపోయాను. పారేయలేదు. మా అత్త పోయింది, మా ఇంటాయన పోయాడు, ఆ బిడ్డకు పిల్లలు పుట్టి వాళ్లకూ పెళ్లిళ్లయ్యాయి. దిష్టిచుక్కకు నేను చేసిన కాటుకే పెట్టారు. నలభై ఏళ్లు ఆ బరిణె నా పెట్టె అడుగున ఉంది, అందులో ఆయన పెట్టిన దెప్పుడు ఉంది.

పోయిన నెల గిర్ని దగ్గర ఆ మిస్త్రీ పని చూసిన మర్నాడు బరిణె కొంగున కట్టుకుని మళ్లీ పోయాను. ఇది బాగవుతుందా నాయనా అని అడిగాను. అతను ఇటూ అటూ తిప్పి, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎవరు జేసిండ్రో గని, మస్తు పనితనమమ్మా," అన్నాడు. "గీతలకేమున్నది, పై పైననే ఉన్నయ్. రంగు పూసుకుంట గీకితె గంటల పోతయ్. తీసియ్యాల్నా?"

గంట అనేసరికి నాకు అమీన్ సాబ్ నిలబడ్డ చోటు కనిపించింది. ఏం కావాలో చెప్పు, తెప్పిస్త, గంటసేపు కూసుంట అన్నాడు. ఆ గంటలో మా మిస్త్రీ దాన్ని సరిచేసి ఉండేవాడు, ఇంజను పన్నెండు మూరలూ నడిచేది. అందుకు ఆయనకు కావలసింది ఒక్కటే. నలుసు లేని కాటుక. అది ఆ వాకిట్లో, అంతమంది ముందర, మా అత్త వినేట్టు అడగాలి.

తీయొద్దని చెప్పి వాల్వును తీసుకున్నాను. ఇంటికి వచ్చి, గుమ్మంలో కూర్చుని, ఆ గీతల మీద గోటితో తడిమి చూశాను. లోతు ఉల్లిపొరంత కూడా లేదు.